ఛత్తా బజార్‌లో బోర్డు లేని పెన్నుల కొట్టు: నెలన్నర తిరిగాక నా రివ్యూ

ముందే చెప్పేస్తున్నా, ఈ కొట్టు గూగుల్ మ్యాప్‌లో లేదు, పైన బోర్డు లేదు, పేరు కూడా నేను రాయడం లేదు. కొట్టు నడిపే ఆయనే వద్దన్నాడు. "నలుగురొస్తే పని చేస్తా, నలభై మందొస్తే కొట్టు మూసుకుంటా" అన్నాడు. కావాలనుకున్నవాళ్ళు ఎంజీబీఎస్ మెట్రో దగ్గర దిగి, నయాపూల్ దాటి, పెళ్ళి కార్డులు అచ్చేసే ఛత్తా బజార్ సందుల్లోకి వెళ్ళి, ఇంకు పెన్నులు బాగుచేసే చాచా ఎక్కడ అని ఇద్దరిని అడగండి. మొదటివాడు తప్పు దారి చెప్తాడు, రెండోవాడు తీసుకెళ్ళి దింపుతాడు. నాకలాగే జరిగింది.

కారులో మాత్రం పోకండి. నేను మొదటిసారి పోయి, పార్కింగ్ కోసం ముప్పావుగంట తిరిగి, చివరికి సాలార్‌జంగ్ మ్యూజియం వైపు ఎక్కడో పెట్టి ఎండలో నడుచుకుంటూ వచ్చా.

నా దగ్గర బాగుచేయించాల్సిన పెన్నులు మూడున్నాయి. ఒకటి మా బాపుది, అంటే మా నాన్నది, నల్ల ఎబొనైట్ (గట్టి రబ్బరు) పెన్ను, ఫిల్లర్‌తో ఇంకు పోసుకునే రకం, ఆయన పోయిన నాలుగేళ్ళ నుంచి బీరువాలో పడి ఉంది. రెండోది ఆబిడ్స్ ఆదివారం బజార్లో పాత పుస్తకాల పక్కన గుడ్డ పరిచి అమ్మేవాళ్ళ దగ్గర పద్ధెనిమిది వందలకి కొన్న పార్కర్ 51. మూడోది నా సొంత లామీ సఫారీ, దాన్ని పాడుచేసింది కూడా నేనే, ఆ కథ కింద వస్తుంది. వీటితో ముందు నగరంలోని ఒక పెద్ద మాల్‌లో ఉన్న పెన్నుల షాపుకి వెళ్ళా, ఏ మాల్ అనేది వదిలేద్దాం. కౌంటర్లో అబ్బాయి బాపు పెన్నుని రెండు వేళ్ళతో, చచ్చిన బల్లిని పట్టుకున్నట్టు పట్టుకుని, "మేడం, దీనికి రీఫిల్ రాదు" అన్నాడు. రీఫిల్! ఇంకు పెన్ను మేడం ఇది అని నేనే చెప్పబోయి, మేడం నేనే కదా అని ఆగిపోయా.

చాచా కొట్టు ఒక అల్మారా అంత ఉంటుంది. ఒక చెక్క బల్ల, గాలి పాళీల మీద పడకుండా గోడ వైపు తిప్పి పెట్టిన టేబుల్ ఫ్యాన్, రెండు స్టీలు మగ్గులు, ఒక ప్లాస్టిక్ గిన్నె, సూది తీసేసిన ఇంజెక్షన్ సిరంజీలు, గడియారాలు బాగుచేసేవాళ్ళు కంటికి తగిలించుకునే అద్దం, కొన్ని పల్చటి ఇత్తడి రేకులు. బాగవ్వాల్సిన పెన్నులన్నీ ఉస్మానియా బిస్కెట్ల డబ్బాలో ఉంటాయి, ఒక్కోదానికి దారంతో చిన్న చీటీ. వాళ్ళ నాన్న కాతిబ్ అట, అంటే ఉర్దూని చేత్తో అందంగా రాసేవాళ్ళు. కంప్యూటర్లు రాకముందు పత్రికలకి, పెళ్ళి కార్డులకి ఉర్దూ అంతా వాళ్ళే రాసేవాళ్ళు కదా. ఈయన చిన్నప్పుడు ఆ వెదురు కలాలు చెక్కి ఇచ్చేవాడు, అక్కడి నుంచి పాళీల్లోకి వచ్చాడు.

నేను డబ్బా తెరిచి పెన్నులు బల్ల మీద పెట్టా. ఆయన వాటి వైపు చూడనే లేదు. ఒక తెల్ల కాగితం, తన జేబులో పెన్ను నా ముందుకి తోసి, "రాయమ్మా" అన్నాడు. ఏం రాయను? "రోజూ ఏం రాస్తావో అదే." నేను సంతకం పెట్టబోతే ఆపేశాడు, "సంతకం కాదు, సంతకం అందరూ దొంగగా పెడతారు. నాలుగు లైన్లు రాయి." ఏదో రాశా, రేపటి కూరల లిస్టు, అమ్మకి మందులు, కరెంటు బిల్లు. నేను రాస్తుంటే ఆయన కాగితం చూడలేదు, నా వేళ్ళు చూశాడు.

ఆ తర్వాత ఆయన అన్న మాట కోసమే ఈ రివ్యూ మొత్తం రాస్తున్నా అనుకోండి. "మేము ఉర్దూ రాసేవాళ్ళం పాళీని లాగుతాం, దానికి వాలుగా కోసిన మొన కావాలి. మీ తెలుగోళ్ళు తిప్పుతారు. పైకి, కిందికి, ఎడమకి, కుడికి, గుండ్రంగా. మొనకి ఎక్కడ మూల ఉన్నా కాగితాన్ని గీరుతుంది. నీ పెన్నులకి జబ్బు తర్వాత చూస్తా, ముందు నీ అక్షరం ఏంటో తెలియాలి."

నేను ఈ హాబీలో ఆరేళ్ళుగా ఉన్నా. వీడియోలు చూశా, రివ్యూలు చదివా, ఎఫ్ (సన్నం) పాళీయా ఎం (మధ్యరకం) పాళీయా, చదునుగా కోసిన మొన ఉండే స్టబ్బా ఇటాలిక్కా, ఫ్లెక్స్ ఉందా లేదా, అంటే నొక్కితే సాగుతుందా లేదా అని బుర్ర పాడుచేసుకున్నా. అవన్నీ ఇంగ్లిష్ కలిపిరాత రాసేవాళ్ళకి చెప్పినవని ఒక్కసారి కూడా నాకు తట్టలేదు. స్టబ్ పాళీ కొని 'ఝ' రాసిచూడండి, మీకే తెలుస్తుంది. అడ్డం గీతలు సన్నం, నిలువు గీతలు లావు అనేది ఇంగ్లిష్‌లో అందం. మనకి నిలువు గీతలే తక్కువ, ఉన్నవన్నీ సున్నాలు, అరసున్నాలు, కొమ్ములు. ఇంకు ఎక్కువ వదిలే లావు పాళీతో రాస్తే 'ఘ' లోపలి ఖాళీ పూడుకుపోతుంది, 'స్త్రీ' కింద వత్తులన్నీ కలిసి ఒక మచ్చ అవుతాయి. తెలుగు రాసేవాళ్ళకి సన్నటి, నున్నటి, అన్ని వైపులా గుండ్రంగా ఉన్న మొన కావాలి. జపాన్ వాళ్ళ పాళీలు మనకి బాగా పడేది కూడా అందుకేనేమో, వాళ్ళ ఎం దాదాపు జర్మనీ వాళ్ళ ఎఫ్ అంత సన్నంగా ఉంటుంది, వాళ్ళకీ చిన్న చోటులో బోలెడు గీతలు ఇరికించాలి కదా.

సరే, పెన్నుల సంగతికి వస్తా.

బాపు పెన్ను. మా బాపు భువనగిరిలో దస్తావేజులు రాసేవాడు. రిజిస్ట్రార్ ఆఫీసు బయట రేకుల షెడ్డులో చిన్న బల్ల, స్టాంపు కాగితాలు, ఒక బ్లాటింగ్ పేపరు, ఈ పెన్ను. 1998లో రిజిస్ట్రేషన్ ఆఫీసుల్లోకి కంప్యూటర్లు రావడం మొదలయ్యాక కూడా కొన్నాళ్ళు చేత్తోనే రాశాడు, తర్వాత టైపు చేయించడం తప్పలేదు. ఆయన దీన్ని "రాజమండ్రి పెన్ను" అనేవాడు. రాజమండ్రి పెన్ను అనగానే అందరికీ రత్నం పెన్నులు, మెచ్చుకుంటూ 1935లో గాంధీ రాసిన ఉత్తరం గుర్తొస్తాయి. మా పెన్ను మీద చెక్కిన పేరు మాత్రం ఎప్పుడో అరిగిపోయింది. ఒకప్పుడు నల్లగా నిగనిగలాడేదట. నాకు తెలిసినప్పటి నుంచీ అది పాత బెల్లం రంగులోనే ఉంది.

చాచా దాన్ని తీసుకుని బొటనవేలితో గట్టిగా రుద్ది ముక్కు దగ్గర పెట్టుకున్నాడు, నాకూ చూపించాడు. గంధకం వాసన, దీపావళి మర్నాడు వీధిలో వచ్చే వాసన. ఎబొనైట్ అంటే రబ్బరులో గంధకం బాగా ఎక్కువ కలిపి ఉడికించి గట్టిపరిచింది, ఎండ, వెలుతురు తగిలిన కొద్దీ పైపొర ఇలా గోధుమ రంగుకి తిరుగుతుంది. వేడి నీళ్ళు తగిలినా అంతే, అందుకే ఇలాంటి పెన్నుని పొరపాటున కూడా వేడి నీళ్ళలో కడగొద్దు అన్నాడు. "నలుపు తెప్పించమంటే తెప్పిస్తా, అరగంట పని. కానీ పైన ఒక పొర తీసెయ్యాలి." పెన్నుని వెలుతురుకి అడ్డంగా పెట్టి మెడ దగ్గర చూపించాడు. ఒక పక్కన చిన్న పల్లం. బాపు మధ్యవేలు ఆనే చోటు. ముప్పై ఏళ్ళు రాస్తే ఎబొనైట్ అరిగిపోయి వేలికి గూడు కట్టింది. "పొర తీస్తే ఇది కూడా పోతుంది. నువ్వే చెప్పు." వద్దన్నా. ఈ పెన్నుని నేను ఎన్నిసార్లు పట్టుకున్నానో, ఆ పల్లాన్ని ఎప్పుడూ చూడలేదు.

పాళీ బిగుసుకుపోయింది, లాగితే రాలేదు. చల్లటి నీళ్ళలో రెండు చుక్కల గిన్నెల సబ్బు వేసి పెన్ను మెడ వరకు ముంచి, "మంగళవారం రా" అన్నాడు. (ఆయన మంగళవారాల గురించి విడిగా మాట్లాడుకోవాలి.) రెండో మంగళవారం వెళ్ళేసరికి నీళ్ళు మార్చి మార్చి ఏడో గిన్నెలో ఉందట. నా ముందే గుడ్డతో పాళీని, దాని కింద ఉండి ఇంకు అందించే నాలికని కలిపి పట్టుకుని మెల్లగా లాగాడు, ఊడొచ్చింది. అప్పుడు మగ్గులో వేసి ఊపితే ముందు లేత నీలం వచ్చింది, పాపం అది ఎప్పుడో నేను ఆడుకుంటూ పోసిన క్యామెల్ ఇంకు అయ్యుంటుంది. దాని వెనక నల్లగా, తుప్పు రేకుల్లా పెచ్చులు దిగాయి. "ఇది మామూలు సిరా కాదు, రికార్డుల సిరా" అన్నాడు.

రికార్డుల సిరా అంటే ఇనుము ఉన్న సిరా. మన పాత తాటాకుల కాలం తర్వాత కాగితం మీద రాయడానికి ఇళ్ళల్లో కరక్కాయ, అన్నభేది కలిపి కాచుకునే సిరా ఉండేది కదా, దాని చుట్టమే ఇదీ. రాసినప్పుడు పలచగా ఉంటుంది, గాలి తగిలిన కొద్దీ నల్లబడి కాగితంలోకి దిగిపోతుంది, నీళ్ళు పడ్డా పోదు. దస్తావేజులకి అదే కావాలి. కానీ దాంట్లో పులుపు ఉంటుంది, స్టీలు పాళీని తినేస్తుంది, పెన్నులో ఎండిపోతే ఇదిగో ఇలా పెచ్చు కడుతుంది. బాపు అయితే ప్రతి ఆదివారం పొద్దున పెన్ను విప్పి కడిగి ఎండకి కాకుండా నీడన గుడ్డ మీద పెట్టేవాడు, దాని జోలికి పోతే వీపు మోగేది. ఆయన పోయాక ఎవరూ కడగలేదు. "ఖరాబ్ కాలేదమ్మా ఇది, కడగలేదు అంతే" అన్నాడు చాచా, తిట్టినట్టు కూడా కాదు, మామూలుగా. నాకు మాత్రం తగిలింది.

పాళీ చీలిక పక్కన గుంటలు పడి ఉన్నాయి, అది పనికిరాదు. కొత్త స్టీలు పాళీ వేశాడు, పాతది చిన్న కాగితం పొట్లం కట్టి ఇచ్చాడు. నాలిక మాత్రం పాతదే, ఎబొనైట్‌దే. ఇప్పటి పెన్నుల్లో చాలావాటికి ప్లాస్టిక్ నాలికలు, ఎబొనైట్ అయితే ఇంకుని బాగా పట్టి ఉంచుతుంది, పైగా వేడి చేసి ఒంపు సరిచేయొచ్చు. అది నేను దగ్గరుండి చూశా. గ్లాసులో టీ కంటే వేడిగా ఉన్న నీళ్ళు, పాళీ నాలిక కలిపి వాటిలో పది పన్నెండు సెకన్లు ముంచి, తీసిన వెంటనే రెండు బొటనవేళ్ళ మధ్య నొక్కిపట్టి తల వంచుకుని కూర్చున్నాడు, చల్లారేదాకా. మళ్ళీ ముంచాడు, మళ్ళీ నొక్కాడు. మూడోసారికి వెలుతురుకి పెట్టి చూపిస్తే రెండింటి మధ్య వెంట్రుక దూరే సందు లేదు. ఆ సందు ఉంటే ఇంకు పాళీకి అందదు, పెన్ను మధ్యమధ్యలో ఆగుతుంది. మనమేమో పాళీ బాగాలేదని పాళీ మారుస్తూ ఉంటాం.

తర్వాత నా కూరల లిస్టు కాగితం తీశాడు. దాచిపెట్టాడు ఆయన! దాని కిందే నన్ను మళ్ళీ రాయమన్నాడు. నేను 'చతుస్సరిహద్దులు' అని రాశా, బాపు రోజుకి పదిసార్లు రాసే మాట అది. 'స్స' వత్తు దగ్గర కొంచెం గీరింది. ఏదో పాలిష్ కాగితం మీద ఎనిమిది అంకె ఆకారంలో నాలుగుసార్లు తిప్పి, నాచేత రాయించి, మళ్ళీ రెండుసార్లు తిప్పి, ఇంక చాలు అని ఆపేశాడు. ఇంకొంచెం నున్నగా చేయొచ్చు కదా అంటే, "ఇంకొంచెం అన్నవాళ్ళే మొన పోగొట్టుకుంటారు" అన్నాడు.

ఆ మాట సూటిగా నా లామీకి తగిలింది. ఏం జరిగిందంటే, ఒక వీడియో చూసి, పాళీ గీరుతోందని, హార్డ్‌వేర్ షాపులో దొరికే ఎమరీ పేపరు మీద, ఎమరీ పేపరు అంటే ఎమరీ పేపరే, తలుపులకి వాడేది, దాని మీద నేను ఆ పాళీని పది నిమిషాలు రుద్దా. ముందు అద్భుతంగా రాసింది. వారానికి మేకులా రాయడం మొదలుపెట్టింది. పాళీ చివర చిన్న గుండులా ఉంటుంది చూశారా, దాన్ని అందరూ ఇరీడియం అంటారు, ఈ రోజుల్లో ఎక్కువగా ఆస్మియం, రుథేనియం లాంటివి కలిపిన గట్టి లోహం, పాళీ స్టీలుదైనా బంగారందైనా కాగితానికి ఆనేది అది ఒక్కటే. అది అరిగిపోతే ఇంక మెత్తటి స్టీలు మిగులుతుంది. చాచా అద్దం పెట్టుకుని రెండు సెకన్లు చూసి, నా చేతిలో పెట్టేశాడు. "దీనికి మొన లేదు. నా దగ్గర డబ్బులు దండగ, కొత్త పాళీ కొనుక్కో, టేపు అంటించి లాగితే పాతది వచ్చేస్తుంది, నువ్వే వేసుకోవచ్చు." డబ్బులు వచ్చే పనిని వద్దని చెప్పే మెకానిక్‌ని నేను ఈ ఊళ్ళో, మా ఏసీ అతనితో సహా, ఇంకెక్కడా చూడలేదు.

పార్కర్ 51 గురించి నాకు చాలా భయం ఉండింది. 1941లో వచ్చిన మోడల్ అది. నాది 1948 తర్వాత వచ్చిన రకం, లోపల ఇంకు తిత్తి, దాని చుట్టూ లోహపు గొట్టం, దానికి నొక్కే పట్టీ ఉంటాయి. పాళీ కనపడదు, ముక్కు తప్ప అంతా తొడుగు లోపల ఉంటుంది, ఆ తొడుగుని లక్కతో అతికిస్తారు. తెరవాలంటే వేడి తగిలించి లక్క కరిగించాలి. నేను ఇంటర్నెట్లో చదివి హెయిర్ డ్రయ్యర్ కూడా సిద్ధం చేసుకున్నా, లామీ అనుభవంతో ఆగిపోయా. చాచా పట్టీ నొక్కి నీళ్ళలో పెట్టాడు, బుడగలు వచ్చాయి. మళ్ళీ నొక్కాడు, మళ్ళీ వచ్చాయి. "గాలి లాగుతోంది, వదులుతోంది, అంటే తిత్తి బాగుంది. ఇది రబ్బరు కాదు, రబ్బరు అయితే ఇన్నాళ్ళలో జిగురైపోయేది." మూడు రోజులు నీళ్ళలో నిలబెట్టాడు, సిరంజీతో పదిసార్లు తోశాడు, అంతే. తొడుగు విప్పలేదు. "తెరవక్కర్లేనిది తెరవకూడదు" అన్నాడు. వంద రూపాయలు తీసుకున్నాడు. నేను హెయిర్ డ్రయ్యర్ సంగతి చెప్పలేదు.

పక్కనే తన డబ్బాలోంచి ఒక హీరో 616, అదే చైనా పెన్ను, తీసి రెండింటినీ ఒకే గీత మీద పెట్టి చూపించాడు, అన్నాతమ్ముళ్ళలా ఉన్నాయి. మా క్లాసులో హీరో పెన్ను ఉన్న పిల్లాడికి ఉండే గౌరవం ఇప్పుడు ఐఫోన్ ఉన్నవాళ్ళకి కూడా లేదు. మిగతా మేమంతా పెన్ను కక్కితే చాక్‌పీసు ముక్కతో పీల్చుకుని, పాళీని తలకి తుడుచుకునే బ్యాచ్. ఇంకు అయిపోతే పక్కవాడి దగ్గర ఐదు చుక్కలు అప్పు, బల్ల మీద చుక్కలు లెక్కపెట్టి వేస్తే వాటి మీద పెన్ను పెట్టి పీల్చడం. నాలిక పనితనం అదే అని ఇన్నేళ్ళకి అర్థమైంది. సన్నటి సందులోకి ద్రవం దానంతటదే పాకుతుంది, అది ఎంత బయటికి వెళ్తే అంత గాలి లోపలికి రావాలి, ఆ రాకపోకలు సరిగ్గా ఉన్నంతసేపే పెన్ను రాస్తుంది.

ఆ రాకపోకల దగ్గరే నాకు ఆయన మీద కోపం వచ్చింది. బాపు పెన్ను తెచ్చుకున్న రెండో వారం, ఆఫీసులో, ఆడిట్ ఫైలు మీద, టప్పున ఒక చుక్క. సగం పేజీ. నా తెల్ల కుర్తా చెయ్యి కూడా. ఎంత టెన్షన్ పడ్డానంటే, ఆ పేజీ ఫోటో తీసి, లీవు పెట్టి, అదే మధ్యాహ్నం ఛత్తా బజార్‌కి వెళ్ళిపోయా, పైగా అది శుక్రవారం, నమాజు టైము, కొట్టు మూసి ఉంది, గంటన్నర ఎదురు కార్డుల షాపు మెట్ల మీద కూర్చున్నా. ఆయన వచ్చాడు, పెన్ను ఊపి చెవి దగ్గర పెట్టుకున్నాడు. "ఇంకు ఎంత ఉండింది?" కొంచెమే. "చేతిలో పట్టుకుని చాలాసేపు రాశావా?" రాశా. "అదే మరి."

ఇలా పొట్ట నిండా ఇంకు పోసుకునే పెన్నుల్లో ఇంకు తగ్గిన కొద్దీ గాలి పెరుగుతుంది. చేతి వేడికి ఆ గాలి వ్యాకోచించి ఇంకుని బయటికి తోస్తుంది. మే నెల హైదరాబాద్‌లో, బయట నలభై రెండు, లోపల ఏసీ, చల్లటి పెన్నుని వెచ్చటి చేత్తో పట్టుకుంటే ఇంకేముంది. మూడో వంతుకి దిగకముందే మళ్ళీ నింపాలి, రాయనప్పుడు పాళీ పైకి పెట్టాలి, అంతే మందు. మరలకి కొంచెం సిలికాన్ గ్రీజు రాసి ఇచ్చాడు, డబ్బులు అడగలేదు. బాగానే ఉంది చాచా, ఇది మొదటిరోజే చెప్పొచ్చు కదా అన్నా. "దస్తావేజులు రాసేవాళ్ళ బిడ్డవి, తెలుసనుకున్నా" అన్నాడు. దీనికి ఏం జవాబు చెప్తాం. అయినా అర స్టారు కోసేశా.

మిగతా అర స్టారు తేదీలకి. ఆయన మంగళవారం అంటే రాబోయే మంగళవారం అని అర్థం కాదు, ఏదో ఒక మంగళవారం అని అర్థం. రసీదు ఇవ్వడు, ఫోన్ ఉంది కానీ ఎత్తడు, "పాళీ చేతిలో ఉండగా ఫోన్ ఎవడెత్తుతాడు" అంటాడు. పొద్దున పదకొండున్నర లోపు వెళ్ళకండి. శుక్రవారం మధ్యాహ్నం అసలు వెళ్ళకండి. రంజాన్ నెలలో అయితే సాయంత్రం దాకా ఉండడు అన్నారు పక్కవాళ్ళు. యూపీఐ ఉంది, స్కానర్ మాత్రం పక్క కార్డుల షాపు అతనిది, వాళ్ళిద్దరూ తర్వాత లెక్క చూసుకుంటారు.

నాకైన ఖర్చు: బాపు పెన్నుకి పాళీతో కలిపి నాలుగు వందల యాభై, పార్కర్‌కి వంద, లామీకి సున్నా. ఆటోలకి, మదీనా దగ్గర తిన్న బిర్యానీకి అయినదాంతో పోలిస్తే ఇది ఏమీ కాదు. కొత్త పెన్ను కొనాలనుకుంటే మాత్రం ఈయన దగ్గరికి రాకండి, అమ్మడు. దానికి ఆబిడ్స్‌లో 1928 నాటి దక్కన్ పెన్ స్టోర్స్ ఉండనే ఉంది, నా మొదటి మంచి పెన్ను అక్కడే కొన్నా.

ఇంకుల విషయంలో చాచా మొండి. బాగుచేసిన పెన్నులో మొదటి నెల మామూలు కడిగితే పోయే నీలం ఇంకు తప్ప ఏదీ పోయొద్దంటాడు. నా దగ్గర మెరుపులు కలిసిన ఇంకులు, వాన మట్టి రంగు ఇంకు అని పదకొండు సీసాలున్నాయి, చెప్పలేదు. బొమ్మలు గీసే నల్ల ఇండియన్ ఇంకు పోసిన ఒక కుర్రాడి పెన్ను మాత్రం నాకు చూపించాడు. అందులో లక్క కూడా కలిసి ఉంటుంది, ఆరితే నాలిక గీతలన్నీ సిమెంటు పోసినట్టు మూసుకుపోతాయి. ఆ పెన్నుని తొమ్మిది రోజులుగా అమోనియా చుక్కలు వేసిన నీళ్ళలో నానబెడుతున్నాడు. బతుకుతుందా అంటే చెయ్యి అటూ ఇటూ ఊపాడు.

ఒకటి మాత్రం ఆలోచించుకుని వెళ్ళండి. మెరిసేలా చేయించుకోవాలి, పెట్టెలో పెట్టి చూపించుకోవాలి అనుకునే, పెన్నులు సేకరించేవాళ్ళకి ఈయన నచ్చడు. గీతలు పోగొట్టమంటే పోగొట్టడు, వెనక్కి ఇచ్చేస్తాడు. నా ముందే ఒకాయన ఖరీదైన పాత పెన్ను తెచ్చి దీన్ని కొత్తదానిలా చెయ్యమంటే, "కొత్తది కొనుక్కోండి సార్" అన్నాడు. ఆ సార్ ముఖం చూడాల్సింది. రాసుకునేవాళ్ళకైతే, అందులోనూ తెలుగు రాసుకునేవాళ్ళకి, ఐదుకి నాలుగు.

ప్రస్తుతం బాపు పెన్నుతో అమ్మ మందుల చీటీలు, పాలవాడి లెక్క రాస్తున్నా. మధ్యవేలు ఆ పల్లంలో సరిగ్గా కూర్చోదు, నా వేలు సన్నం, కొంచెం జారుతుంది. చాచా దానికి కూడా ఏమీ చేయనన్నాడు.

ఇప్పుడు నా ఇంకో పెన్ను, జపాన్ వాళ్ళ పైలట్, ఆయన దగ్గర ఉంది, ఎం పాళీని తెలుగుకి సన్నం చేసి ఇమ్మన్నా. చీటీ మీద నా పేరు బదులు 'చతుస్సరిహద్దులు' అని రాయించుకున్నాడు నాచేత, గుర్తుంటుందని. మంగళవారం రమ్మన్నాడు.